గాలం కర్రకు బెండు పిడి

సుకుమార్ బ్యాంకులో వీఆర్ఎస్ తీసుకుని ఇంటికొచ్చినప్పుడు ఏలూరులో తెలిసినవాళ్ళందరూ అతన్ని అభినందించారు. అతని భార్య హెప్సిబాను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే, వంటింటివాళ్ళకు కూడా అలాంటి స్కీము ఏదైనా ఉందేమో కనుక్కోమని చెప్పేది.

అయితే దేవుడు దయగలవాడు. మొగుణ్ణి ఇంటికి పంపినవాడే ఒక గాలం కర్ర కూడా ఇచ్చాడు.

ఆ కర్ర సామాన్యమైంది కాదు. మిషన్ బంగళా ఖాళీ చేసి వెళ్తూ ఒక దొరగారు సుకుమార్ తండ్రి అహరోను మాస్టారికి ఇచ్చిపోయినది. మాస్టారు దాంతో చేపలు పట్టిన దాఖలా లేదు. సండే స్కూల్లో గోడకు పటం తగిలించి, గలిలయ సముద్రం ఎక్కడుందో చూపించడానికి వాడేవారు. ఆయన పోయాక కర్ర అటకెక్కింది. వీఆర్ఎస్ తర్వాత సుకుమార్ అటక మీద ఇంకేదో వెతుకుతూ దాన్ని చూశాడు. అంతే. ఆదివారం గుడి, మిగతా ఆరు రోజులు గుడివాకలంక. పొద్దున్నే క్యారేజీ కట్టించుకుని బస్సెక్కితే, కొల్లేటి గట్టు మీద సాయంత్రం దాకా కూర్చుని, దీపాలు పెట్టే వేళకు చేపతో ఇల్లు చేరేవాడు.

ఆ చేపలది ఒక విశేషం. అవి పొలుసు తీయించుకుని, ముక్కలు కోయించుకుని మరీ గాలానికి పడేవి. ఒకసారి సంచిలోంచి ఐసుగడ్డ జారి సింకులో టంగుమంది.

"కొల్లేరు బాగా చల్లబడినట్టుందండీ," అంది హెప్సిబా.

"డిసెంబరు కదా," అన్నాడు సుకుమార్, టవలు తీసుకుని బాత్రూములోకి పోతూ.

అంతకు మించి ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. ఎందుకనాలి? మనిషి ఇంట్లో లేడు, కూర ఇంట్లో ఉంది. ఆ ఆరు రోజులూ ఆమె కాఫీ వేడిగా ఉండగానే తాగింది. మధ్యాహ్నం ఫ్యాను కింద చాప పరుచుకుని లైబ్రరీ పుస్తకం పొట్ట మీద పెట్టుకుంటే, ఏం చదువుతున్నావని గాని, ఎందుకు చదువుతున్నావని గాని అడిగిన నాథుడు లేడు.

అలాంటి రోజుల్లో ఒకనాడు కర్ర పిడి రాలిపోయింది. దొరగారి కాలం నాటి కార్కు. చెమటకు నాని, ఎండకు బీటలిచ్చి, ఆఖరికి సుకుమార్ చేతిలో అటుకుల్లా పొడిపొడి అయింది. మిగిలింది కింద ఇత్తడి టోపీ, పైన బోడి కర్ర.

"ఇది మామూలు కార్కు కాదు హెప్సీ. పోర్చుగల్ చెట్టు బెరడు," అన్నాడు సుకుమార్, ఆ పొడిని కాగితంలోకి ఎత్తుతూ. "అది దొరికితేనే మళ్ళీ ఈ కర్ర ముట్టుకునేది. అంతవరకూ ఇంట్లోనే ఉంటాను, నీకు సాయంగా."

ఆఖరి మాటకు హెప్సిబా చేతిలోని గరిటె ఆగిపోయింది.

సాయం మర్నాడే మొదలైంది. పప్పుల డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దాడు. పొడుగు డబ్బాలు గోడవైపు, పొట్టివి ముందువైపు, మధ్యలో ఏముందో ఆ దేవుడికే తెలియాలి. ఉప్పూ పంచదారా ఒకే ఎత్తు డబ్బాలు కావడంతో పక్కపక్కన చేరాయి. ఆ రోజు చారు పాయసంలా ఉందని అతనే వంక పెట్టాడు. కుక్కరు కూతలు లెక్కపెట్టి, మూడో కూతకే వచ్చి స్టవ్ కట్టేశాడు. "గ్యాసు ఆదా," అన్నాడు, పలుకు పప్పు నములుతూ.

హెప్సిబా ఈ సాయానికి మందు వెతకడం మొదలుపెట్టింది. పవర్‌పేటలో సైకిల్ షాపు నుంచి హ్యాండిల్‌కు తొడిగే రబ్బరు తొడుగు తెచ్చింది.

"నేను గాలం వెయ్యాలా, బెల్లు కొట్టాలా?" అన్నాడు సుకుమార్.

షటిల్ బ్యాట్‌కు చుట్టే టేపు తెచ్చింది. చెయ్యి చెమట పడుతుందన్నాడు. కరెంటు పనివాళ్ళ నల్ల టేపు చుట్టి చూపిస్తే, మా నాన్నగారి కర్రకు కట్టు కట్టావేమిటని నొచ్చుకున్నాడు.

గోడకవతల సీతారత్నం పరిస్థితీ అంతే. ఆమె భర్త నిత్యానందం గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. పేపరంతా టెండరు ప్రకటనలతో సహా భార్యకు చదివి వినిపించేవారు.

"మీకేం వదినగారూ, మీ ఆయన బయటికెళ్ళే మనిషి," అనేది సీతారత్నం ఒకప్పుడు. ఇప్పుడు ఇద్దరూ గోడకు చెరోవైపు నిలబడి, మాట్లాడకుండానే ఒకరినొకరు ఓదార్చుకుంటున్నారు.

ఆ వారంలోనే చేపల వెంకాయమ్మ గుమ్మంలోకొచ్చింది. పొద్దుటిపూట వీధుల్లో తిరిగి, సాయంత్రం పాత బస్టాండు దగ్గర బుట్ట పెట్టుకునే మనిషి. ఆమె తన వీధికి కూడా వస్తుందని సుకుమార్‌కు తెలియదు. ఆమె వచ్చే వేళకు అతను ఎప్పుడూ బస్సులో ఉండేవాడు మరి. ఇప్పుడు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆయ్, అయ్యగారూ! తమరిల్లు ఇదేనాండీ?" అంది వెంకాయమ్మ సంబరంగా బుట్ట దించుతూ. "ఈమధ్య బొత్తిగా కనపట్టం మానేశారేంటండీ? తమరి కోసం బొచ్చె ముక్కలు తీసి పక్కనెడతన్నానండి రోజూ."

సుకుమార్ పేపరును మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగా దగ్గాడు. దగ్గుతూనే లోపలికి వెళ్ళిపోయాడు.

"ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా అయ్యగారికి?"

"ఒంట్లో కాదు వెంకాయమ్మా, కర్రలో," అంది హెప్సిబా. "పిడి పోయింది. కార్కు కావాలంటున్నారు."

"కార్కంటే?"

హెప్సిబా బీఏ చదివింది. తెలియని మాటను తెలియదని వదిలెయ్యడం ఆమెకు అలవాటు లేదు. లోపలికెళ్ళి పిల్లలు చదువుకున్న నాటి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీసి చూసింది. బెండు, అని ఉంది.

"బెండట."

"బెండే కదమ్మా!" వెంకాయమ్మ పకపకా నవ్వింది. "మా లంకలో జీలుగు బెండు కావలసినంత. వలలకి కట్టుకుంటాం కదా తేలడానికి. రేపు ఓ కట్ట తెచ్చిపడేస్తా. అయ్యగారు మళ్ళీ బయల్దేరాలి కదండీ, నా బేరం ఏం కానూ?"

నిఘంటువు చెప్పింది, బేరగత్తె ఒప్పుకుంది. హెప్సిబాకు ఇంకేం కావాలి?

సుకుమార్ చర్చి కమిటీ మీటింగుకు వెళ్ళిన పూట ఆమె కత్తిపీట ముందు కూర్చుంది. బెండు కొబ్బరి ముక్కలా తెల్లగా, చేతిలో ఉందా లేదా అన్నంత తేలిగ్గా ఉంది. అరంగుళం బిళ్ళలుగా కోసింది. ఊలు అల్లే సూది కాల్చి ఒక్కో బిళ్ళకూ నడిమధ్య బెజ్జం పెట్టి, ఆ బెజ్జాన్ని కర్రకు బిగువుగా పట్టేదాకా పెద్దది చేసింది. ఇత్తడి టోపీ ఊడదీసి, ఫెవికాల్ రాస్తూ బిళ్ళలన్నీ కింది నుంచి పూసల్లా ఎక్కించి, టోపీ మళ్ళీ బిగించింది. ఆరాక గరుకు కాగితంతో రుద్దింది. తెల్లగా ఉంటే పోర్చుగల్ అంటే ఎవరు నమ్ముతారు? చిక్కటి కాఫీ డికాక్షన్‌లో గుడ్డ ముంచి రెండు పూతలు పూసింది. దాని మీద కూతురు కిందటి సెలవుల్లో వదిలేసి వెళ్ళిన రంగులేని నెయిల్‌పాలిష్. ఎంత రుద్దినా పిడి కాస్త లావుగానే మిగిలింది. అప్పడాల కర్ర అంత.

సుకుమార్ వచ్చి పట్టుకు చూశాడు. వాసన చూశాడు.

"కార్కేనా?"

"నిఘంటువు ప్రకారం కార్కేనండీ."

"కాఫీ వాసనొస్తోందే?"

హెప్సిబా కత్తిపీట తీసి గోడకు చేరేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నేర్చుకున్నది, కాస్త ఆగితే జవాబు అతనే చెప్పుకుంటాడని.

"కాఫీ గింజలతో కలిపి ఓడలో వచ్చి ఉంటుంది," అన్నాడు సుకుమార్. "విజయవాడలో దొరుకుతుందని నేను అనుకుంటూనే ఉన్నాను."

మర్నాడు పొద్దున బస్సు కదిలిందన్న నమ్మకం కలిగాక హెప్సిబా డబ్బాలన్నీ పాత చోట్లకు మార్చేసింది. తర్వాత కాఫీ కలుపుకుని, వేడిగా తాగింది.

సాయంత్రం సుకుమార్ నిలువునా తడిసి, చెవుల మీద గుర్రపుడెక్క ఆకులతో వచ్చాడు. ఒక చేతిలో కర్ర. రెండో చేతిలో సంచి, ఆ సంచి తన్నుకుంటోంది. సింకులో వంపితే మోచేయంత కొర్రమేను ఎగిరి నేల మీద పడి, వంటిల్లంతా ఈదినంత పని చేసింది. హెప్సిబా స్టూలెక్కి నిలబడింది. ఐసు లేదు. ముక్కలు లేవు. చేప ఆమె వైపే చూస్తోంది.

"క్యారేజీ విప్పుదామని కర్ర గట్టు మీద పెట్టాను హెప్సీ," సుకుమార్‌కు మాట తడబడుతోంది. "లాక్కుపోయింది! కర్రతో సహా నీళ్ళలోకి! నాన్నగారి కర్ర! పోయిందనుకున్నాను. దొరగారి కర్ర బరువుకి రాయిలా మునిగిపోవాలా? మునగదే! పిడి పైకి లేచి నిటారుగా నిలబడింది. చేప లాగుతుంటే కర్ర కొల్లేరంతా తిరుగుతోంది, నేను గట్టు మీద పరిగెడుతున్నాను. లంకలో జాలరి పెద్దింటయ్య తాటిదోనె తెచ్చి ఎక్కించుకున్నాడు. ఎక్కేటప్పుడు పడ్డాననుకో. వాడేమన్నాడో తెలుసా? ‘ఇంత పెద్ద బెండు కట్టిన గాలం నా జన్మలో చూళ్ళేదండి’ అన్నాడు. బెండట! పోర్చుగల్ కార్కు మహిమ వాడికేం తెలుసు?"

"నిజమేనండీ," అంది హెప్సిబా స్టూలు మీంచే.

కొర్రమేనును ఎలా కొయ్యాలో ఇద్దరికీ తెలియదు. చివరికి సీతారత్నం బూడిద పట్టుకుని గోడ దాటి వచ్చింది.

పులుసు పొయ్యి మీద ఉడుకుతుండగా హాల్లోంచి సుత్తి చప్పుడు వినిపించింది. హెప్సిబా వచ్చి చూస్తే, పెళ్ళి ఫొటో పక్కన రెండు మేకులు, వాటి మీద కర్ర.

"చాలు హెప్సీ. సాధించాల్సింది సాధించాను," అన్నాడు సుకుమార్ సుత్తి పక్కన పెడుతూ. "ఇక దానికి విశ్రాంతి. రేపట్నుంచి ఇంట్లోనే, నీకు సాయంగా. ఆ డబ్బాలు మళ్ళీ కలిసిపోయినట్టున్నాయే?"

హెప్సిబా గోడ మీది కర్రను చూసింది. డికాక్షన్ పూసిన తన పిడి, దీపం వెలుగులో నిగనిగలాడుతోంది. ఇంత కష్టపడి చేసింది గోడకు తగిలించుకోవడానికా?

ఆ రాత్రి భోజనానికి నిత్యానందం గారినీ సీతారత్నాన్నీ పిలిచారు. పిలవమన్నది సుకుమారే. చేపకు ఒక కథ ఉన్నప్పుడు వినేవాళ్ళు కూడా ఉండాలి కదా. కథంతా విని, నిత్యానందం గారు రెండో ముక్క వేయించుకున్నారు.

"బ్రహ్మాండంగా ఉందండీ. పాత బస్టాండు దగ్గరదేనా?"

"పట్టానండీ! నా చేత్తో!"

"అయ్యో, నేను కాదంటానా? మీరెప్పుడూ పడుతూనే ఉంటారుగా," అన్నారు నిత్యానందం గారు మర్యాదగా. "మొన్నామధ్య కూడా పడుతుంటే చూశాను. బేరం ఆడి మరీ పట్టారు."

సుకుమార్ మొహం పులుసు రంగుకు తిరిగింది. "హెప్సీ, నువ్వు చెప్పు. ప్రాణంతో ఉందా లేదా?"

అందరూ హెప్సిబా వైపు తిరిగారు. ఆ చేప ఆమె కళ్ళ ముందే వంటిల్లంతా చుట్టి వచ్చింది, ఆమె స్టూలు కూడా ఎక్కింది. ఒక్క మాట చెబితే అతని పరువు నిలబడుతుంది. ఆ తర్వాత ఆ పరువు, ఆ మనిషి, ఆ సుత్తి కలిసి రోజూ ఇంట్లోనే ఉంటాయి. తన్నుకుంటున్న ఆ చేపకు బూడిద పట్టించి కోసిన సీతారత్నం మాత్రం ప్లేటులోకి చూసుకుంటూ, చిత్రంగా, నోరు విప్పలేదు.

"చేప మంచిదేనండీ," అంది హెప్సిబా నెమ్మదిగా. "పట్టేటప్పుడు నేను పక్కన లేనుగా. చూడని దానికి సాక్ష్యం ఎలా చెప్పను?"

అని, తల ముక్క తీసి భర్త ప్లేటులో వేసింది. మనసు బొత్తిగా రాయి కాదు.

తెల్లారేసరికి గోడ మీద మేకులు మాత్రమే ఉన్నాయి. వరండాలో సుకుమార్ చెప్పులు తొడుక్కుంటున్నాడు. పక్కన నిత్యానందం గారు, చేతిలో గొడుగుతో, చంకలో పేపరుతో.

"సాక్షిని తీసుకెళ్తున్నాను," అన్నాడు సుకుమార్ పౌరుషంగా. "ఇవాళ పడకపోతే రేపు. రేపు పడకపోతే ఎల్లుండి. వీరి కళ్ళ ముందు పడేదాకా వదిలేది లేదు."

"నాకేం తొందర లేదండీ," అన్నారు నిత్యానందం గారు.

ఇద్దరూ వీధి మలుపు తిరిగారు. హెప్సిబా కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి, గోడకవతల సీతారత్నం కూడా గ్లాసు పట్టుకునే ఉంది. రెండింట్లోంచీ ఆవిర్లు లేస్తున్నాయి.

"వదినగారూ," అంది సీతారత్నం గొంతు తగ్గించి, "ఆ బెండు ఇంకా ఏమైనా మిగిలిందా? మా ఆయనకు కూడా ఒక కర్ర కొనిపిద్దామని."