పెద్దబాపు ఎత్తని ఫోన్

ఆ ఆదివారం గల్ఫ్‌లో మా కరామా ఫ్లాట్‌లో నలుగురం ఉన్నాం: అమ్మ, నాన్నకు అన్నయిన పెద్దబాపు లచ్చన్న, లోరీన్ మేడం, నేను. బాపు డ్యూటీకి వెళ్లాడు.

లోరీన్ మేడం జీవిత చరిత్రలు రాస్తుంది. ముప్పై ఏళ్లుగా ఇక్కడ పనిచేస్తున్న పెద్దబాపు జీవితం ఇప్పుడు రాస్తోంది. ఆమె అమెరికాలో మోర్మన్ల ఇంట పెరిగింది. ఆ క్రైస్తవులు చాయ్, కాఫీ తాగరు. పిల్లల చేత డైరీ రాయిస్తారు. చర్చి మానేసి ఇరవై ఏళ్లయినా ఆమెకు ఆ రెండు అలవాట్లూ పోలేదు.

"చాయ్ తాగది, కాఫీ తాగది. ఇంటికొచ్చినామెకు ఉత్త నీళ్లే ఇయ్యాల్నా?" అంటూ అమ్మ నిమ్మకాయ పిండింది.

మొదటిరోజే పెద్దబాపు మేడంను ఒక్కటే అడిగాడు, తల్లికి తాను మంచి కొడుకునని రాయమని. ఈ ఆదివారం నాయనమ్మ సంగతి వచ్చింది. కరోనాలో ఆమె చనిపోయినప్పుడు విమానాలు లేవనీ, దహనమంతా ఫోన్లో చూశాననీ హిందీలో చెప్పాడు. మేడం తారీఖు అడిగితే గుర్తురాలేదు. అప్పుడు నేను ఊళ్లో ఏడో తరగతి. నోటితో చెప్పడానికి సిగ్గేసి, నేను ఆనాడు రాసుకున్న డైరీ తెచ్చి తారీఖు చూపించాను.

"మొత్తం చదువు, తర్వాత అర్థం చెప్పుదువు," అంది మేడం.

మా బడిలో చదవమంటే పేజీ అయ్యేదాకా ఆగకూడదు. అలాగే చదివాను. "చిన్నాయన కొరివి పెట్టాడు. బాపు వీడియోలో చూశాడు. పెద్దబాపుకు పదకొండు సార్లు చేశాం. రింగయింది. ఎత్తలేదు."

అమ్మ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. మేడంకు తెలుగు రాదు. ఏముందని నన్నడిగింది. నేను డైరీ మూసి పెద్దబాపు చేతిలో పెట్టాను.

"నేను ఫోన్ ఎత్తలేదని రాసింది," అని పెద్దబాపే హిందీలో చెప్పాడు.

మేడం పెన్ను పక్కన పెట్టింది. "మా నాన్న డైరీలో కూడా ఉంది, తన తల్లి అంత్యక్రియలకు లోరీన్ రాలేదు అని. ఆయన జీవితం రాసినప్పుడు ఆ మాట నేను తీసెయ్యలేదు. మీది మీరు చెప్పండి. ఉంచాలా, వద్దా?"

పెద్దబాపు ఆ పెన్ను తీసి మేడం చేతికిచ్చాడు.

"ఉంచు. ఎందుకు ఎత్తలేదో కూడా చెప్తా, రాసుకో."

అమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వు గూడ లే బిడ్డా. వంటింట్లకు నడువు."

"నేనేం రాయను పెద్దబాపూ."

"రాస్తవు. ఆమె రాస్తే ఇంగ్లీషుల ఉంటది, మనూర్ల ఎవ్వలు సదువరు. నువ్వు రాస్తే అందరు సదువుతరు."

డైరీ నా చేతికిచ్చి తలుపు వేశాడు.