దీపం ఆరని గొయ్యి

నేను ఒక గునపాన్ని. ఇంట్లో చీపురుకైనా ఒక మూల కేటాయిస్తారు గాని నన్ను మాత్రం పెరటి గోడకి చేరేసి ఎండకీ వానకీ వదిలేస్తారు. ఫరవాలేదు. నేను మర్యాదల కోసం పుట్టలేదు, కొట్టడానికి పుట్టాను. దేన్నయినా పగలగొట్టమనండి, ఎందుకని అడగను.

అంతకుముందు నేను లారీ ఇరుసుని. తుని దాటాక ఆ లారీ బోల్తా పడి తుక్కయితే, మోక్షాచారి అనే కమ్మరి నన్ను తూకానికి కొని కొలిమిలో ఎర్రగా కాల్చాడు. కాల్చి, సమ్మెటతో చావబాదాడు. కొడుతున్నంతసేపూ తన పెద్దల్లుణ్ణి తిడుతూనే ఉన్నాడు. అల్లుడికి పడాల్సిన దెబ్బలన్నీ నాకు పడ్డాయి. మనుషుల కోపం ఎప్పుడూ అసలు మనిషి దాకా వెళ్ళదు, మధ్యలో ఎవరు దొరికితే వాళ్ళ మీద దిగిపోతుంది. చివరికి నన్ను నీళ్ళలో ముంచినప్పుడు బుస్సుమన్నాను. ఆ చిరాకు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నన్ను కొన్నవాడు సన్యాసయ్య. బావులు తవ్వి, సిమెంటు వరలు దించడం అతని వృత్తి. నా జీవితంలో మంచి రోజులంటే అవే. కింద రాయి తగిలిందంటే నాకు పండగ. నిప్పురవ్వలు లేచేలా కొట్టేవాణ్ణి. సన్యాసయ్య కూడా నాలాంటివాడే, నెమ్మదిగా మాట్లాడ్డం చేతకాదు. అయితే దిగే ముందు మాత్రం అతనికి ఎక్కడలేని భక్తీ వచ్చేది. లాంతరు వెలిగించి, తాడు కట్టి, తలుపులమ్మ తల్లిని తలుచుకుని బావిలోకి వదిలేవాడు. దీపం ఆరిపోతే లోపల గాలి చెడ్డదని అర్థం. ఆ రోజు పని లేదు, ఎవరెంత బతిమాలినా దిగడు. దీపం నిలబడితే దిగుతాడు. ఆ దీపమే అతణ్ణి ముసలివాడయ్యేదాకా బతికించింది, చివరికి సొంత మంచం మీదే పోయాడు.

అతని కొడుకు లోవరాజు చేతికి నేను వచ్చేసరికి ఊళ్ళో బావులు తవ్వించేవాళ్ళు లేరు. అందరూ బోర్లు వేయించుకుంటున్నారు. లోవరాజు అవే వరలతో సెప్టిక్ ట్యాంకులు కట్టడం మొదలుపెట్టాడు. తండ్రి తియ్యటి నీళ్ళ కోసం దించిన వరల్నే కొడుకు ఇంకోదాని కోసం దించాడు. తండ్రిని జనం "ఏరా సన్యాసీ" అనేవారు. కొడుకుని మాత్రం "కాంట్రాక్టరు గారూ" అన్నారు. మనుషుల గౌరవం ఎటునుంచి ఎటు ప్రవహిస్తుందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. అతనికి తోడుగా బామ్మర్ది అప్పన్న ఉండేవాడు. బలమైనవాడు, మాట తక్కువ. నన్ను పట్టుకుంటే అరచేతుల్లో నేను కదిలేవాణ్ణి కాదు.

పెద్దాపురంలో స్టీలు సామాన్ల కొట్టు ఉన్న కామేశం గారింట్లో ట్యాంకు పొంగింది. మామూలుగా పొంగితే ఫరవాలేదు, చుట్టాలందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు స్నానాలగదిలోంచి వెనక్కి తన్నుకుని హాల్లోకి వచ్చింది. ఆ ట్యాంకు కట్టినప్పుడు దానికి గాలిగొట్టం ఉండేదట. ఇంటి ముందు ఆ గొట్టం ఎదురురావడం అరిష్టమని కామేశం గారే దాన్ని మొదలంటా కోయించి, మూత బిగించి, పైన టైల్సు వేయించారు. ఆనాటి నుంచీ లోపల ఏం తయారవుతోందో ఎవరికీ పట్టలేదు. ఇంటి గుట్టు బయటపడకూడదంటారు కదా, వాళ్ళు దాన్ని మరీ గట్టిగా పాటించారు.

కొత్త ట్యాంకు కోసం కాంట్రాక్టర్లని పిలిచి, పెళ్ళిచూపులు చూసినట్టు చూశారు. ముందొచ్చినవాడు కారు దిగకుండానే రేటు చెప్పి వెళ్ళిపోయాడు. రెండోవాడు బుద్ధిమంతుడు. వాకిలంతా కలియతిరిగి, "యంత్రం తెచ్చి పాతదాన్ని పైనుంచే పీకేస్తానండి, మనిషి దిగక్కర్లేదు. ఈ గోడ కొంచెం కొట్టాలంతే" అన్నాడు. అది ఈశాన్యం గోడ. కామేశం గారి ముఖం మాడిపోయింది. ఈశాన్యం గోడ కొడితే వ్యాపారం కూలుతుందని సిద్ధాంతి గారు చెప్పి ఉన్నారు. గోడ ముట్టుకోకుండా చేతులతో పని చేసేవాడు కావాలి. అలా లోవరాజు వచ్చాడు, అతనితో నేనూ వచ్చాను.

కామేశం గారి భార్య సత్యవేణి గుమ్మంలో నిలబడి ఒకే ఒక్క మాట అడిగింది.

"లోపలికి మనుషుల్ని దింపుతావా?"

"అవసరం పడితే దిగుతామండి. మాకిది తాతల నాటి పనండి" అన్నాడు లోవరాజు.

"అయితే నువ్వొద్దు" అందామె. "మా జగ్గంపేటలో హోటలు ట్యాంకులో ఒకడు దిగి పడిపోయాడు. వాడికోసం వాడి తమ్ముడు దూకాడు. ఇద్దర్నీ ఒకే బండిలో వేసుకెళ్ళారు. నేను కళ్ళారా చూశాను."

లోవరాజు నెత్తిన చెయ్యి పెట్టుకుని, "తలుపులమ్మ తల్లి మీద ఒట్టండి. మనిషిని దింపను" అన్నాడు. ఆమె నమ్మింది.

మూడోనాటికి ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. పొంగినందుకు శుద్ధి అట. ఈలోగా ట్యాంకు పూర్తయిపోవాలి. ఆలస్యం అమృతం విషం అని కామేశం గారు మా చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

మొదటిరోజు నాకు ఆనందమే ఆనందం. టైల్సు చిట్లాయి. వాటి కింది సిమెంటు పలక నా దెబ్బకు బీటలు వారి సగానికి విరిగి లోపల పడింది. పీల్చే బండి వచ్చి నీళ్ళన్నీ తోడుకుపోయింది. అడుగున మాత్రం ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి, పైన ఎండి గట్టిపడిన పొరతో అలాగే ఉండిపోయింది. కొత్త వరలు అదే గోతిలో దించాలి కాబట్టి ఆ మడ్డీ, దాని కింద పాత అడుగూ పోవాలి. రెండోరోజు పొద్దున్నే లోవరాజు నన్ను సరుగుడు కర్రకి కట్టి పైనుంచి పొడిచాడు. అందలేదు. ఎంత కోపంగా పొడిచినా నా కొన గాల్లోనే తిరిగింది. నాకు మండిపోయింది, అతనికి ఇంకా మండింది.

"ఏటి లోవరాజూ, రేపు పంతులు గారొస్తే ఈ గొయ్యి చూపించమంటావా?" అన్నారు కామేశం గారు. "మనిషి దిగితే గంట పని."

లోవరాజు వంటింటి వైపు చూశాడు. సత్యవేణి లోపలుంది. అప్పుడతను తండ్రి చేసినట్టే చేశాడు. లాంతరు వెలిగించి, తాడు కట్టి గోతిలోకి వదిలాడు. అందరం వంగి చూశాం. దీపం ఆరలేదు. ఆరకపోగా కాస్త నిండుగా వెలిగింది. లోవరాజు ముఖం విప్పారింది.

"అమ్మ దయుందిరా అప్పన్నా. గాలి శుభ్రంగా ఉంది" అన్నాడు.

నేనూ నమ్మాను. తరతరాలుగా బావుల్లో నిజం చెప్పిన దీపం, ఇక్కడ మాత్రం అబద్ధమెందుకు చెబుతుంది? కానీ బావి వేరు, ఇది వేరు. బావిలో ఉండే చెడుగాలి దీపాన్ని ఆర్పుతుంది. ఈ గోతిలో ఉన్నది దీపాన్ని ఏమీ అనదు, మనిషినే ఆర్పుతుంది. ఆ సంగతి సన్యాసయ్యకి తెలిసే అవకాశం లేదు. కొడుకు ఎవరినీ అడగలేదు.

ఆ దీపం మీద నమ్మకంతోనే నడుముకి మోకు కూడా కట్టుకోకుండా అప్పన్న నిచ్చెన దిగాడు. అడుగు పొర మీద కాలు ఆనించి, మడమతో తట్టి చూశాడు.

"రాయిలా ఉంది బావా. గునపం అందించు."

లోవరాజు బోర్లా పడుకుని నన్ను కిందికి దించాడు. నా పై కొన అతని చేతిలో ఉండగానే అప్పన్న చెయ్యి నన్ను కింద పట్టుకుంది. సరిగ్గా అప్పుడే అతని కాలు పొరని చీల్చుకుని మోకాలి దాకా దిగబడింది. చీలిక చుట్టూ బుడగలు లేచాయి. ఆ చెయ్యి నన్ను బిగించింది, ఎంత గట్టిగా అంటే ఏ రాయి మీదా అతను నన్నంత గట్టిగా పట్టుకోలేదు. ఆ తర్వాత వదిలేసింది. కేక లేదు, పిలుపు లేదు. ముఖం మడ్డిలోకి పడింది. అతని వీపు పైన లాంతరు వెలుగుతూనే ఉంది. దానంతటి ద్రోహిని నేను ఎన్నడూ చూడలేదు.

"ఒరే అప్పన్నా!" అని అరిచి లోవరాజు నన్ను పైకి విసిరేసి నిచ్చెన వైపు దూకాడు. కామేశం గారు కొయ్యబారిపోయారు. ఆ కేకకి సత్యవేణి పరుగున వచ్చింది. ఒక్క చూపులోనే ఆమెకి అంతా అర్థమైపోయింది. లోవరాజు చొక్కా వెనక నుంచి పట్టుకుంది. చొక్కా చిరిగింది. మెడ చుట్టూ చేతులు వేసి లాగింది. అతను మోచేత్తో ఆమె మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. అయినా వదల్లేదు. మణికట్టు కొరికాడు. వదిలించుకుని ఆమెని నేలకేసి తోసి, ఒక కాలు నిచ్చెన మీద వేశాడు.

ఆమె నన్ను అందుకుంది.

వంటింటి చేతులు. నా బరువు ఆ చేతులకి కొత్త. తలపైకి ఎత్తడానికి ఆమెకి శక్తి చాల్లేదు, పక్క నుంచి తిప్పి, ఉన్న బలమంతా పెట్టి గోతి బయటున్న లోవరాజు కాలి ముందెముక మీద కొట్టింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు, ఎన్ని కొమ్మలు విరిచానో. కానీ కొమ్మ అరవదు. అతను అరుస్తూ బయటికి విరుచుకుపడ్డాడు. పడ్డవాడు ఊరుకోలేదు. రెండు చేతుల మీద గోతి వైపు పాకాడు.

"ఇంకొంచెం కదిలావంటే రెండోది కూడా విరగ్గొడతాను" అందామె. ఆమె కింది పెదవి నుంచి రక్తం నా మీద పడుతోంది. "ఏవండీ, ఫోన్ చెయ్యండి. ఫైరింజన్ వాళ్ళకి. చెయ్యండీ!"

కామేశం గారి చేతిలోంచి ఫోను జారి పడింది. మళ్ళీ తీసి చేశారు. ఆమె లోవరాజు వీపు మీద కూర్చుంది. అతను బూతులు తిట్టాడు. దండం పెట్టాడు. "వాడు మా మంగ తమ్ముడండి, నేనే పెంచానండి, వదిలేయండి" అని మట్టిలో తల కొట్టుకున్నాడు. ఆమె కదల్లేదు. ముఖాలకి ముసుగులు వేసుకున్న మనుషులు వచ్చేవరకూ అలాగే కూర్చుంది. వాళ్ళు అప్పన్నని తాళ్ళతో పైకి లాగి వాకిట్లో పడుకోబెట్టి, గుండె మీద నొక్కి, చాలాసేపు చూసి, లేచి నిలబడ్డారు.

లోవరాజుని అంబులెన్సు ఎక్కించాక మంగ వచ్చింది. లోవరాజు భార్య, అప్పన్న అక్క. ఆటో దిగుతూనే తమ్ముడి ముఖానికి అంటిన మడ్డిని చెంగుతో తుడిచింది. ఎవరో ఆమెకి చెప్పారు, ఆ ఇంటావిడే నీ మొగుడి కాలు విరగ్గొట్టి ఆపిందని. మంగ లేచి సత్యవేణి ఎదుట నిలబడింది.

"మాయన్ని ఆపారంటగదండి."

"ఆపానమ్మా."

"మా తమ్ముడు దిగినప్పుడు ఎక్కడున్నారండి?"

"వంటింట్లో" అంది సత్యవేణి. "మీవాళ్ళకే మజ్జిగ కలుపుతున్నాను."

మంగ ఆమె చెంప మీద కొట్టింది. సత్యవేణి ముఖం తిప్పుకోలేదు. మళ్ళీ కొట్టింది. పోలీసులు అడ్డం రాబోతే సత్యవేణే వద్దని చేత్తో వారించింది. మూడో దెబ్బకి మంగ చెయ్యి లేవలేదు. ఆమె భుజం మీదే తల వాల్చి ఏడ్చింది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. అంతసేపూ నేను వాళ్ళ కాళ్ళ దగ్గరే పడి ఉన్నాను. నాకు చెప్పలేనంత ఏడుపొచ్చింది, ఇనుముకి ఏడవడం రాదు గాని.

రక్తం ఉందని పోలీసులు నన్ను పట్టుకుపోయారు. కాలు ఎలా విరిగిందని ఆస్పత్రిలో అడిగితే పలక కాలి మీద పడిందని లోవరాజు చెప్పాడట. సత్యవేణి మీద కేసు లేదు. మనిషిని దింపినందుకు అతని మీదా, కామేశం గారి మీదా పెట్టారు. ఈశాన్యం గోడ పూర్తిగా కొట్టేసి, యంత్రం తెచ్చి, ట్యాంకు పని ఇంకెవరో ముగించారని కానిస్టేబుళ్ళు అనుకుంటుంటే విన్నాను. వ్యాపారం కూలలేదట. గొట్టం కూడా పెట్టించారట.

స్టేషన్ వెనక గదిలో నా చుట్టూ కత్తులు, కర్రలు, ఒక పగిలిన బీరుసీసా ఉన్నాయి. ఎవరిని పొడిచారో, ఎవరి తల పగిలిందో రోజూ గొప్పలు చెప్పుకుంటాయి. నన్ను అడిగితే కాలు విరగ్గొట్టానంటాను. అంతేనా అని నవ్వుతాయి. నవ్వనీ.

కొన్నాళ్ళకి లోవరాజు వచ్చాడు. కర్ర పట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ. నాతో కేసుకి పని లేదని తేలింది కాబట్టి తీసుకుపోవచ్చన్నారు. రైటరు నన్ను అతని ముందు పెట్టాడు. లోవరాజు వంగి నన్ను ఒకసారి ముట్టుకున్నాడు, అప్పన్న పట్టుకున్న చోట.

"నీదేనా?"

"కాదండి."

"మీ నాన్నదన్నావు కదా?"

"మా నాన్నదేనండి. నాది కాదు."

నాకు కోపం రాలేదు. అతను వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. కర్ర టక్కుమంటోంది, ఆ వెనక కాలు నేలకి రాసుకుంటోంది. ఆ కుంటు నేను పెట్టిందే. అది వినబడినంత కాలం మంగ ఇంట్లో ఒక మనిషి నడుస్తున్నాడన్నమాట.