నా పేరు మీద ఏడు లక్షలు

"అమ్మా, నీ ఫోన్ల నంబరొచ్చింది. జర చదువు."

ఏటా వానలు మొదలయ్యాక ఒకరోజు నా కొడుకు నర్సింహ ఇలా అడుగుతాడు. పాల క్యాన్లు కడుగుతున్న నేను తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోను దూరంగా పట్టుకుని, ఆరంకెలూ ఒక్కొక్కటిగా చదువుతాను. నా రెండో తరగతి చదువు అంకెలకైతే సరిపోతుంది. గ్యాస్ బండకూ నంబరొస్తుంది కదా, ఇదీ అలాంటిదే అనుకునేదాన్ని.

ఈ ఏడు మాత్రం వానల కంటే ముందే నాకు భయం పట్టుకుంది. మా ఆయన మైసయ్య పోయినప్పటి నుంచి వస్తున్న పింఛను రెండు నెలలుగా ఆగిపోయింది. నాదంటూ నా చేతికొచ్చేది అదొక్కటే. నా మందులు, మనవరాలి చేతిలో పెట్టే పదీ పరకా అందులోంచే. కనుక్కుందామని పింఛన్ల ఆఫీసుకు వెళ్తే, కంప్యూటర్ ముందున్న అమ్మాయి నా ఆధార్ నంబరు కొట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"అవ్వా, నీ పేరు మీద ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ పడుతున్నది. గంత సంపాదన ఉన్నోళ్లకు పింఛనెట్ల ఇస్తరు?"

"నాకేడిది బిడ్డా సంపాదన? ఆటో పైసల్లేక ఫలక్‌నుమా నుంచి నడుసుకుంట వచ్చిన."

వెనక లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. దొంగతనం చేసి దొరికినదానిలా తల వంచుకుని బయటపడ్డాను.

ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. గల్లీలో బండి ఆగితే చాలు, పోలీసులేమో అని తలుపు చాటుకు పోయేదాన్ని. పాలు పితుకుతుంటే చేతులు వణికేవి. బర్రెలకు తెలిసిపోతుంది మరి, పాలు వదలకుండా పొదుగులోనే ఎగబట్టేవి. కొడుకును అడగాలంటే నోరు రాలేదు. వాణ్ని అడిగి ఎరగను. వాళ్ల నాయన్నీ అడిగి ఎరగను.

చివరికి డిగ్రీ చదువుతున్న మనవరాలు స్రవ్యకు చెప్పుకున్నాను. అది వాళ్ల నాన్న సంచిలోంచి ఒక కాగితం తీసి చదివింది. వ్యాపారం, పాడి. యజమాని, రుక్మాబాయి. ఏడాది ఆదాయం, ఏడు లక్షల ఇరవై వేలు.

"పాల పైసలన్నీ బాపు ఒక్కడి పేరు మీదనే చూపిస్తే ట్యాక్స్ పడుతదని, సగం నీ పేరు మీద రాయించిండు నాన్నమ్మా, గట్ల పంచితే ఇద్దరికీ పడదు. నీ పేరు మీది పాసుబుక్కు గూడ బాపు బీరువలనే ఉన్నది. ఫోన్ల వచ్చే నంబర్ చెప్పినవంటే నువ్వు సంతకం పెట్టినట్టే."

"గా ట్యాక్స్ పైసలు ఏం జేస్తరే?"

"నీ పింఛను అండ్లకెల్లే. మా కాలేజీ ఫీజు, నీ కన్ను ఆపరేషన్ చేసిన సర్కారు దవాఖాన, మొన్న మన గల్లీల మురుగు పోను ఏసిన మోరీ, అన్నీ గా పైసలే. నువ్వు సబ్బు కొన్నా అండ్ల ట్యాక్స్ ఉంటది."

అంటే రోజూ కడుతూనే ఉన్నానన్నమాట. ఈ ఏడు లక్షల మీద మాత్రం సర్కారుకు పైసా పోలేదు. అవి నా చేతికీ రాలేదు. ఉన్న పింఛనూ పోయింది. దవాఖానలో నా కంటికి పట్టీ కట్టిన నర్సమ్మ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. వెనకటికి జనాభా లెక్కలకు వచ్చినాయన, "మీ ఆమె ఏం పనిచేస్తుంది?" అని మైసయ్యను అడిగాడు. నేను అక్కడే మోచేతుల దాకా పేడలో ఉన్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎనిమిది బర్రెలు పితికి, హోటళ్లకు పాలు కొలిచి పంపి, కొట్టం కడుగుతున్నాను. "ఏం జెయ్యది సార్, ఇంట్లనే ఉంటది" అన్నాడు మైసయ్య. లెక్కలకు వచ్చినాయన అలాగే రాసుకుని వెళ్లాడు. నలభై రెండేళ్ల చాకిరీలో నన్ను యజమాని అని రాసింది ఈ ఒక్క కాగితమే. అదీ ట్యాక్స్ తప్పించుకోవడానికి.

నిన్న సాయంత్రం పాలు పితకడానికి కూర్చున్నాను. పక్కన పెట్టిన ఫోను టింగుమంది. నర్సింహ ఉరికొచ్చాడు.

"అమ్మా, నంబర్ చెప్పు. ఇయ్యాల్నే ఆఖరు తారీఖు."

"నేను ఏడు లక్షలు సంపాదించిన్నంట గద. ఏడున్నయిరా?"

వాడి మొహం మాడిపోయింది. "అది ఉత్తగ కాయితం మీదనే అమ్మా. అందరిండ్లల్ల గిదే నడుస్తది."

"అబద్ధమా?"

"అబద్ధం గాదు, గట్ల రాస్తరు."

"అబద్ధమైతే నేను సంతకం పెట్ట. నిజమైతే నా పేరు మీది పాసుబుక్కు తే."

"ఈ వయసుల నీకు పైసలెందుకే? తిండికి తక్కువైందా, బట్టకు తక్కువైందా?" అచ్చం వాళ్ల నాయన గొంతే. "జల్ది చెప్పమ్మా, పదిహేను నిమిషాలే ఉంటది నంబరు!"

నాకు భయం వేయలేదని చెప్పను. రేపు వీడు ముద్ద పెట్టకపోతేనో? అయినా ఫోను తీసి జాకెట్లో దోపుకున్నాను.

"బర్రె పాలు చేపుకొచ్చింది, నడుమల నేను లేవొద్దు. నువ్వు పోయి పాసుబుక్కు తీసుకురా."

వాడు విసురుగా లోపలికి పోయాడు. బీరువా తలుపు కిర్రుమంది. నేను తల ఎత్తలేదు, పితుకుతూనే ఉన్నాను. ఈసారి బర్రె పాలు ఎగబట్టలేదు.