హైవే మీద పడుగు

ఆపదలకు కాస్తయినా బుద్ధి ఉండాలి. ఒకటి పోయాక ఇంకొకటి వస్తే మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. చిట్యాల చేనేత వీధికి ఆ ఏడు కరోనా, వాన ఒకేసారి చుట్టపుచూపుగా దిగాయి. దిగిన చుట్టాలు కదిలితే ఒట్టు.

వెంకటనర్సమ్మ భర్త సీతారాములు కరోనాతో మేడ మీది గదిలో ఉన్నాడు. ఆమెకు పరీక్షలో ఏమీ తేలలేదు గానీ వీధి ఆ పరీక్షను నమ్మలేదు. చక్కెర కోసం పూటకోసారి వచ్చే పక్కింటి కోమల ఇప్పుడు చప్పటి చాయ్ తాగుతోంది.

అంతలో చెరువు పొంగింది. తెల్లారేసరికి మగ్గం గుంట నిండి, సీతారాములు సగం నేసి వదిలిన చీరల పడుగు, మగ్గం మీది నిలువు పోగులన్నీ, తడిసింది. దాన్ని ఆ పూటే పొడుగునా చాచి, మళ్ళీ గంజి పెట్టి ఆరబెట్టకపోతే పోగులు అంటుకుపోయి బూజు పడతాయి. దానికి వీధంత జాగా కావాలి, పది మంది చేతులు కావాలి. చూస్తే వీధిలో నీళ్ళు, ఇంట్లో రోగం.

మేడ మీద నుంచి సీతారాములుది ఒకటే పాట. "నేనుంటనో పోతనో. గా పడుగు మాత్రం పాడు గానియ్యకు."

ఆ మాటకు ఆమెకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. అరుగు మీద కూలబడింది.

గొర్రెలను తోలుకుంటూ పోతున్న ఐలేశం ఆమెను చూసి గేటు బయట ఆగాడు. "ఏమైందక్కా, గట్ల కూసున్నవ్?"

ఆమె చెప్పింది.

"హైవే మీదికి తేరాదు? ముంగట రోడ్డు కోసుకపోయి బండ్లన్ని ఆపిండ్రు. నా గొర్లను గూడ గాడికే తోల్కపోతున్న. ఎత్తు జాగ, సుక్క నీళ్ళు లేవు."

ఆ రోడ్డు దాటాలంటే ఇన్నేళ్ళూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న మనిషి, ఒక్క ఉదుటున లేచింది. మాస్కు కట్టుకుని వీధి మధ్య నిలబడింది.

"అందరు ఇనుండ్రి. నా దగ్గరికి ఎవ్వరు రానక్కర్లే. పడుగు పట్టేటోళ్ళు ఎన్నడన్న ఆనుకొని నిలబడ్డరా? ఓ కొసకు నేనుంట, రెండో కొస నుంచి మీరు పట్టుండ్రి."

వీధి ఆలోచనలో పడింది. నిజమే మరి. ఆ దూరం మగ్గం నేసే సాలోళ్ళకు తాతల నాటి నుంచీ అలవాటే.

కిటికీలోంచి కోమల అడిగింది. "దారానికి అంటదా వదినా, అది?"

"పొయ్యి మీద మసిలిన గంజి పెడుతున్న. పురుగే గాదు, నువ్వు వడ్డా బతుకవు."

కోమల నవ్వుతూ తలుపు తీసింది. ఆమె వెనక వీధంతా కదిలింది.

ఎండ కూడా మొహం చూపించింది. నల్లటి రోడ్డు మీద పసుపుపచ్చని పడుగు సాగింది. ఇటూ అటూ నిలబడి జనం గంజి అద్దుతూ, కుంచెలతో దువ్వుతూ, నెలల తరబడి దాచుకున్న కబుర్లన్నీ దూరం నుంచే కేకలేసి చెప్పుకున్నారు. రహస్యాలు కూడా రహదారి ఎక్కాయి.

గంజి వాసన గొర్రెలకు తగిలింది. మంద మొత్తం ఒక్కసారి ఇటు మళ్ళింది. ఒక్క గొర్రె అడ్డం పడినా పోగులు పుటుక్కుమంటాయి. వెంకటనర్సమ్మ తన కొసను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"లేపుండ్రి, పైకి లేపుండ్రి" అన్నాడు ఐలేశం వెనక నుంచి ఉరికి వస్తూ.

అందరూ పడుగును తలల మీదికి ఎత్తారు. మంద దాని కిందుగా తోసుకుంటూ, కోమల గంజి కుండను బోర్లించి మరీ అవతలికి పోయింది. రోడ్డు మీద అందరూ పడి పడి నవ్వారు. పడుగు మాత్రం పదిలంగా ఉంది.

అది ఆరాక వెంకటనర్సమ్మ భర్తకు ఫోన్ చేసింది.

"తెగిందా?" అన్నాడు.

"ఒక్క పోగు తెగలే."

"అయితే మిగిలిన చీర నువ్వే నేయి."

"నేను ముట్ట. సగం నీ చేతిది, సగం నా చేతిది అయితే సూసినోళ్ళు ఉమ్మేస్తరు. గుంటల నీళ్ళు నేను తోడుత. దిగొచ్చి నేసేది మాత్రం నువ్వే."

అవతల నుంచి ముందు దగ్గు వినిపించింది. దాని వెనకే చిన్న నవ్వు.

"నేయాల్నంటే బలం గావాలె గదనే. తినేతందుకు ఏమన్న ఉన్నదా?"

జ్వరం వచ్చిననాటి నుంచి అతను అన్నం అడగడం అదే మొదలు. వెంకటనర్సమ్మ నడిరోడ్డు మీద చతికిలబడి, వీధంతా చూస్తుండగానే సంతోషంతో వెక్కి వెక్కి ఏడ్చింది.