మూడో పిలుపు

పొద్దు నడినెత్తికి వచ్చి ఉండాలి, కానీ మంచు విడవలేదు. కోట గోడ దగ్గర నిలబడితే ఎదుటి బురుజు కూడా కనబడటం లేదు.

అది ఏనాటి రాజులో కట్టిన పాత రాతికోట. సరిహద్దు కొండ మీద ఉంది కాబట్టి సైన్యం అందులో కాపలా పెట్టింది. అవతలివాళ్ళు దాన్ని చుట్టుముట్టి వారం దాటింది. కిందికి దిగే దారి తెగిపోయింది. వైర్‌లెస్ మూగబోయింది. ఈ మంచులో హెలికాప్టర్ రాదు. అన్నిటికన్నా ముందు నీళ్ళు అయిపోయాయి.

ఊట గోడకు కిందే, కొండ వాలులో ఉంది. మంచు చాటున అజిత్ రెండు క్యాన్లు తీసుకుని దిగాడు. వాడు తిరిగి వచ్చేదాకా దిడ్డి తలుపు గడియ పట్టుకుని ఉండటం వేలాయుదం పని. వాడు రాగానే తలుపు తీయాలి, లోపలినుంచి మాట వినబడకూడదు. అది కెప్టెన్ ఆజ్ఞ.

వేలాయుదానిది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి నేలల ఒక కరిసల్ పల్లె. అజిత్‌ది విరుదునగర్ జిల్లా, నరికుడి వైపు. ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే. శిక్షణలో వేలాయుదం తన బూట్లను తెలుగులో తిట్టుకుంటుంటే విని, ఆ రోజునుంచి అజిత్ అతన్ని మామా అని పిలవటం మొదలుపెట్టాడు.

దిగే ముందు కూడా వాడి నోరు ఊరుకోలేదు.

"మామా, అత్త పంపిన పల్లీల కడలమిఠాయి దాచిపెట్టుకొని ఉండావు గదా. నీళ్ళు తెచ్చినాక అది నాది."

"ముందు తెచ్చి చూపించురా. నరికుడోళ్ళకి నీళ్ళు ఎట్టుంటాయో తెలుసునా?"

"ఓహో! మీ కోవిల్‌పట్టిలో కావేరి పారతా ఉండాదా?"

నవ్వుతూనే వెళ్ళాడు. నాలుగు అడుగులు వేయగానే మంచు వాణ్ణి మింగేసింది.

వేలాయుదం చెవి తలుపుకు ఆనించాడు. కొంతసేపు క్యాన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు వచ్చింది. తరువాత అదీ లేదు. ఎక్కడో ఒక రాయి దొర్లింది. అది అజిత్ కాలికింద దొర్లిందో, ఇంకొకరి కాలికిందో తెలియలేదు.

"వేలాయుదం మామా!"

తలుపుకు అవతలే. అజిత్ గొంతే. వేలాయుదం చెయ్యి గడియను సగం లాగి, ఆగిపోయింది.

ఆపింది ఆలోచన కాదు, అలవాటు. వాళ్ళ కరిసల్ చేలలో మిట్టమధ్యాహ్నం ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకరు. ఆ వేళ ముని అనే దయ్యం తిరుగుతాడు, తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తాడు, కానీ మూడోసారి పిలవలేడు అంటారు. అందుకే పిలిచే మనిషి మూడుసార్లు పిలుస్తాడు, వినే మనిషి మూడోదానికే పలుకుతాడు. వేలాయుదం అమ్మ పొన్నమ్మాళ్ ఆ వేళప్పుడు సెల్ ఫోన్ మోగినా మూడోసారికే ఎత్తుతుంది. నరికుడి వైపూ అంతే. అజిత్ ఆ పద్ధతిని ఎగతాళి చేసేవాడే, అయినా మధ్యాహ్నంపూట ఎవరిని పిలిచినా మూడుసార్లు పిలిచేవాడు.

"మామా, తియ్యి."

రెండోది. గొంతు సన్నగా ఉంది.

వేలాయుదం మూడోదానికి ఎదురుచూశాడు. రాలేదు. వాడు అక్కడ రక్తం కారుతూ పడి ఉంటే? తాను ఒక ముసలమ్మ మాటకు భయపడి తలుపు తీయక, వాణ్ణి గుమ్మంలోనే చంపుతున్నాడా? చెయ్యి మళ్ళీ గడియ మీదికి పోయింది.

వంగి తలుపు సందులో కన్ను పెట్టాడు. గాలికి మంచు కాస్త కదిలింది. అజిత్ మోకాళ్ళ మీద ఉన్నాడు. వెనకనుంచి ఒక చెయ్యి వాడి జుట్టు పట్టుకుని ఉంది. మెడ మీద కత్తి. తలుపుకు రెండు పక్కలా గోడకు అతుక్కుని తుపాకులు.

కేక వేస్తే అజిత్ మెడ తెగుతుంది. ప్రమాదం వస్తే బురుజు మీది కాపలావాళ్ళకు తెలిపేందుకు కట్టిన తాడు లాగాడు. పైనుంచి కాల్పులు మొదలయ్యాయి. అజిత్ నేల మీద బోర్లా పడ్డాడు. కత్తి పట్టుకున్నవాడు వాడి పక్కనే కూలాడు, మిగిలినవాళ్ళు మంచులోకి పారిపోయారు. వేలాయుదం తలుపు తీసి, అజిత్‌ను కాలరు పట్టి లోపలికి ఈడ్చి, మళ్ళీ గడియ వేశాడు. వాడి పిక్కలో గుండు దిగి ఉంది.

కెప్టెన్ పరుగున వచ్చాడు. "నీకెలా తెలిసింది?"

వేలాయుదం తమ ఊరి పద్ధతి చెప్పాడు. "మావాడు మూడుసార్లు పిలవాలి సాబ్. రెండుతో ఆపాడు."

"మెడ మీద కత్తి ఉన్నా సైగ చేశావు!" కెప్టెన్ అజిత్ భుజం తట్టాడు. "ఇకనుంచి ఎవరు వెళ్ళినా ఇదే గుర్తు."

అజిత్ తల ఎత్తలేదు. కెప్టెన్ అవతలికి పోయాక మెల్లగా అన్నాడు. "మామా, నేను సైగ చేయలా."

"సుమ్మా ఉండు, మాట్లాడబాకు. కాలు కట్టనీ."

"మూడోసారి పిలవాలనే నోరు తెరిస్తిని. బయంతో నాలిక అంటుకొనిపోయె. గొంతు వచ్చుంటే పిలిచుందును మామా. వాళ్ళు లోపలికి వస్తారని తెలిసీ పిలిచుందును."

వేలాయుదం కట్టు గట్టిగా బిగించాడు.

క్యాన్లు ఊట దగ్గరే ఉండిపోయాయి. గాయపడ్డవాళ్ళు నీళ్ళు అడుగుతున్నారు. మంచు విడిస్తే ఇక దిగలేరు. కెప్టెన్ మళ్ళీ వచ్చి వేలాయుదాన్ని చూశాడు. అజిత్ నడవలేడు, కానీ కూర్చుని గడియ పట్టుకోగలడు.

"మూడు పిలుపులకే తియ్యాల," అన్నాడు వేలాయుదం.

"సరే మామా."

"రెండుతో నిలిస్తే?"

"తియ్యను."

"నేనే అయితే?"

అజిత్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వే అయినా తియ్యను, పో."

తన మెడ మీద కత్తి పెడితే తన నాలుక కూడా అలాగే అంటుకుపోతుందా? ఆ సంగతి వేలాయుదానికి తెలియదు. బయటికి అడుగు పెట్టగానే వెనక గడియ పడింది. అతను గోడ తడుముకుంటూ కిందికి దిగసాగాడు.