నల్లపెట్ట గుడ్డు పెట్టని మూడు రోజులు

తెల్లవారగానే మల్‌జా కోళ్ళగూడు తలుపు తీసి, నాలుగు పెట్టల్నీ ఒక్కొక్కటిగా ఒళ్ళోకి తీసుకుని, మెడ కింద మేతతిత్తి తడిమి చూసేది. సాయంత్రం నిండుగా ఉండే తిత్తి పొద్దుటికి అరిగి చదునైపోవాలి. అలా అయితేనే మేత వేసేది. తర్వాత నల్లపెట్ట గుడ్డు పెట్టేదాకా రాతిగోడ మీద కూర్చునేది. ఆ గుడ్డు వెచ్చదనం ఆరకముందే చెవికి ఆనించుకుంటే ఆ రోజు సముద్రం చేయబోయే చప్పుడంతా లోపల వినిపించేది. కొరియాలోని జేజు దీవిలో ఆ రేవున గుల్లల కోసం మునిగే ఆడవాళ్ళు తొమ్మిదిమందీ మల్‌జా కబురు అందాకే రబ్బరు సూట్లు తొడుక్కునేవాళ్ళు. రేడియోలో వాతావరణం చెప్పే అమ్మాయి చాలాసార్లు తప్పింది. నల్లపెట్ట ఒక్కసారీ తప్పలేదు.

మల్‌జా కూడా నలభై ఏళ్ళు మునిగిన మనిషే. మోకాళ్ళు అరిగిపోయి రెండేళ్ళ క్రితం మానేసింది. ఆమె చోట ఇప్పుడు కోడలు ఉన్‌బి మునుగుతోంది.

మార్చిలో ఒక పొద్దున నల్లపెట్ట తిత్తి చేతికి గట్టిగా తగిలింది. లోపల నారింజకాయంత ముద్ద. పెట్ట మెడ సాచి సాచి మింగబోతోంది, ఏమీ దిగడం లేదు. గుడ్డూ లేదు.

మల్‌జా తిత్తి తడుముతూనే కారణం పోల్చుకుంది. తప్పు తనదే. ముందురోజు నారింజతోటలో కోసిన ఎండుగడ్డి తెచ్చి, కూర్చుని తరగడానికి మోకాళ్ళు సహకరించక, మూరెడు పోచలు అలాగే పడేసింది. అవి లోపల తాడులా పేనుకుపోయాయి.

మునిగేవాళ్ళలో పెద్దదైన దొక్‌సున్ వచ్చి చూసి, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీస్తే కక్కేస్తుందంది. మల్‌జా ఒప్పుకోలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ అలాగే చేస్తే నీళ్ళు ఊపిరిగొట్టంలోకి పోయి పెట్ట చేతుల్లోనే చచ్చిపోయింది. పట్నంలో పశువుల డాక్టరుకి ఫోను చేస్తే, మేత ఆపి నీళ్ళు మాత్రం పెట్టమని, మెత్తగా పిసకమని, రెండు మూడు రోజుల్లో కరగకపోయినా, నోరు పులిసిన వాసనొచ్చినా తీసుకొస్తే కోసి తీస్తానని చెప్పాడు.

మల్‌జా పెట్టని వేరే బుట్టలో పెట్టింది. గోరువెచ్చని నీళ్ళలో నాలుగు చుక్కల నువ్వులనూనె కలిపి, ముక్కు పక్కనుంచి ఒక్కో చుక్కా వదిలేది. అది మింగాకే ఇంకో చుక్క. తర్వాత వేళ్ళ కొనలతో తిత్తిని చుట్టూ నిమిరేది, పిండి కలిపినట్టు, కానీ పైకి నెట్టకుండా. రోజుకి ఐదారుసార్లు. అలా నిమురుతున్నంతసేపూ ఆమె చూపు సముద్రం మీదే ఉండేది. లోపల ఏముందో తెలియని సముద్రాన్ని చూడటం ఆమెకి ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ కొత్తైపోయింది.

మూడు రోజులు ఎవరూ నీళ్ళలో దిగలేదు. మూడో సాయంత్రానికి ముద్ద కాస్త మెత్తబడింది. రెట్టలో గడ్డిపోచలు కనపడ్డాయి. మల్‌జా నానబెట్టిన అన్నం నాలుగు మెతుకులు, కందనకాయకి పనికొచ్చేలా చిటికెడు ముతక ఇసుక పెట్టింది.

నాలుగో రోజు ఆకాశం అద్దంలా ఉంది. దొక్‌సున్ ఇక ఆగలేనంది. ఉన్‌బి సూటు తొడుక్కుంటోంది.

"ఈ ఒక్కరోజూ ఆగమ్మా," అంది మల్‌జా.

"మీరు ముప్ఫై అయిదేళ్ళు ఏ గుడ్డూ లేకుండానే మునిగారు కదా అత్తయ్యా."

"అప్పుడు భయం తెలీదు. వినడం మొదలెట్టాకే తెలిసింది."

ఉన్‌బి సూటు బిగించుకుంది. "భయపడే పని మీరు చూసుకోండి. మునిగే పని నేను చూసుకుంటా," అని, అత్తగారి భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

గంట తర్వాత నల్లపెట్ట బుట్టలో కదిలింది. తిత్తి చదునుగా ఉంది. కింద చిన్న గుడ్డు, పెంకు ఇంకా మెత్తగా. మల్‌జా దాన్ని చెవికి ఆనించుకుంది.

సముద్రం నిమ్మళంగా ఉంది. గాలి లేదు. హమ్మయ్య అనుకోబోయింది. అంతలో ఈల వినిపించింది. మునిగి పైకొచ్చినవాళ్ళు పట్టిన ఊపిరి వదిలేటప్పుడు వచ్చే ఈల. ఎవరి ఈల వాళ్ళది. చివర్లో విరిగే ఈ ఈల ఉన్‌బిది. ఒకటి. రెండు. మల్‌జా లెక్కపెట్టింది. పదకొండో ఈల తర్వాత ఇంకేమీ లేదు. గుడ్డు చల్లబడేదాకా విన్నా నీటి చప్పుడే తప్ప ఈల లేదు.

ఎలా సూటు తొడుక్కుందో, మోకాళ్ళు ఎలా నడిచాయో ఆమెకి తర్వాత గుర్తు లేదు. రేవు దారిలో ఉండగా దూరంగా ఒక విరిగిన ఈల వినిపించింది. గుడ్డులో విన్న పదకొండింటిలో అది నాలుగోదో, పదోదో. రాళ్ళమీద దిగుతుంటే ఇంకొకటి. నీళ్ళలో పడి ఈదుతూ, ఎద్దుబండ అనే పెద్ద రాయి దగ్గర, పైకొచ్చినప్పుడు పట్టుకోవడానికి తేలుతున్న ఉన్‌బి బెండువైపు చూపు నిలిపి కాళ్ళు కొట్టింది. దొక్‌సున్ నీళ్ళలోంచి తలెత్తి ఆమెని చూసి వెనకే వచ్చింది.

బెండుకి పది బారల దూరంలో ఉండగా ఉన్‌బి పైకొచ్చింది, ఈల వేసింది. పిలిచేలోపే ఆమె పాదాలు గాలిలోకి లేచి నీళ్ళలో మాయమయ్యాయి.

మల్‌జా మనసులో లెక్కపెట్టడం మొదలెట్టింది. అరవై దాటింది. ఎనభై దాటింది. నీటి మీద ఒక్క బుడగా రాలేదు. రెండేళ్ళుగా పట్టని ఊపిరి పట్టి మునిగింది.

బండ కింద చీకట్లో ఉన్‌బి కాళ్ళు తన్నుకుంటున్నాయి. బండకి అతుక్కున్న గుల్లని ఇనుప బద్దతో ఊడదీయబోతే అది బద్దని కరిచేసింది. బద్ద పట్టీ మణికట్టుకి బిగుసుకుపోయింది. మల్‌జా నడుముకున్న, నాచు కోసే చిన్న కొడవలి తీసి పట్టీ కింద దూర్చి లాగింది. ఒకసారి తెగలేదు. చెవుల్లో హోరు, ఛాతీలో మంట. రెండోసారి కోడలి చర్మంతో సహా తెగింది. నడుము పట్టుకుని పైకి తన్నింది.

వెలుతురులోకి వచ్చాక కూడా ఉన్‌బి ఊపిరి తీయలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. దొక్‌సున్ ఆమెని బెండు మీదకి బోర్లా తోసింది. మల్‌జా కోడలి గడ్డం నీటికి పైన పట్టుకుని, వీపు మీద అరచేత్తో కొట్టింది. మళ్ళీ కొట్టింది. నోట్లోంచి ఉప్పునీళ్ళు కారాయి.

అప్పుడు సన్నగా, చివర్లో విరుగుతూ, ఈల వచ్చింది.

మల్‌జా దాన్ని కూడా లెక్కపెట్టింది. పన్నెండు.