పనిలేని ఎడమకాలు

నూనె చూసే కడ్డీని గుడ్డతో తుడిచి, మళ్ళీ ఇంజనులోకి దించి తీశాడు డ్రైవరు. పొద్దున్నే ఇలా పలకరించకపోతే పాత కారు అలుగుతుంది. రేడియేటరులో రెండు చెంబుల నీళ్ళు పోసి, చోక్ లాగి తాళం తిప్పాడు. మూడో తిప్పుకి దగ్గుతూ లేచింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. రెండో గేరు ఎక్కడ మొరాయిస్తుందో, వానపడితే ఏ తలుపు బిగుస్తుందో అతని ఒంటికి తెలుసు.

మధ్యాహ్నం దాన్ని పాత ఇనుము కొట్టుకి లాక్కుపోతారు.

పక్కనున్న కొత్త కారుకి చోక్ లేదు, క్లచ్ లేదు. నడుస్తోందో ఆగిందో చెవికి అందదు. కుడికాలు ఒక్కటే పనిచెయ్యాలి. అదే చిక్కు. ఎడమకాలు ఊరుకోదు. క్లచ్ అనుకుని పక్కనున్న బ్రేకు తొక్కేస్తుంది. ఈ వారంలో అప్పటికి రెండుసార్లయింది.

"ఇవాళ కూడా అయితే నావల్ల కాదు," అన్నాడు యజమాని, ముందు సీట్లో కూర్చుంటూ. "వేరేవాణ్ణి పెట్టుకుంటా. షెడ్డు వెనక గది వాడికివ్వాలి."

ఆ గదిలో డ్రైవరు భార్య మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. తెల్లారి ఆమె పాతచీర అంచు చింపి ఇచ్చింది. దాంతో ఎడమ మడమను ఎవరూ చూడకుండా సీటు కాలికి కట్టేసుకున్నాడు.

కంటి ఆసుపత్రి దారిలో బండి నీళ్ళలా సాగింది.

"కదిలినట్టే లేదురా," అంది వెనకనుంచి యజమాని తల్లి. "ఆ పాతదైతే ఒంట్లో ఎముకలన్నీ లెక్కపెట్టేది."

"బతికున్నామని తెలిసేదమ్మగారూ."

ఆవిడ నవ్వింది. అతనూ నవ్వబోయాడు. అంతలో సందులోంచి సైకిలొకటి అడ్డమొచ్చింది. చీర అంచు పుటుక్కున తెగింది. ఎడమకాలు వెళ్ళి బ్రేకుని నేలకంటా తొక్కింది. ముసలావిడ నుదురు ముందుసీటుకి కొట్టుకుని చిట్లింది.

యజమాని వంగి ఆ గుడ్డపీలిక చూశాడు.

"కాలు కట్టేసుకుని మా అమ్మనెక్కించుకున్నావా?"

"కట్టకపోతే మాట వినట్లేదండీ."

ఇంటికొచ్చాక, నెలాఖరులోగా గది ఖాళీ చెయ్యమన్నాడు యజమాని.

మధ్యాహ్నం లారీ వచ్చింది. పాత కారుకి తాడు కట్టారు. వెనక స్టీరింగు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలన్నారు. ఎవరూ అడక్కముందే డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. ఇంజను చప్పుడు లేకుండా ఆ కారు కదలడం అతనికి అదే మొదటిసారి. తాడు వదులవకుండా, లారీని తాకకుండా, మలుపు మలుపుకీ బ్రేకు మెత్తగా నొక్కుతూ మూడు మైళ్ళూ తీసుకొచ్చాడు.

కొట్టు ముందు లారీ ఆగింది. వెనక ఇదీ ఆగింది, జానెడు ఎడంలో.

"దిగు పెద్దాయనా, వచ్చేశాం!" అని కేకేశాడు లారీవాడు.

డ్రైవరు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. కళ్ళు ముందుకే చూస్తున్నాయి. లారీవాడు వచ్చి భుజం తట్టాడు. మనిషి మెల్లగా తలుపు వైపు ఒరిగిపోయాడు.

చెప్పులు విడిచిగాని ఆ కారెక్కేవాడు కాదతను. ఖాళీ షెడ్డులో నూనెమరక పక్కన అవి రెండూ జతగా ఉన్నాయి, తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చిన రబ్బరు చెప్పులు.